హాలియా నుంచి న్యూజెర్సీ మంచు ఎత్తించాను

మంచు ఎప్పుడు ఎత్తాలని నన్ను ఎవరూ అడగలేదు. అయినా చెప్పాను.

హాలియా దగ్గర మా ఊళ్లో మంచు అంటే తెల్లవారుజామున గడ్డి మీద పాదాలకు తగిలే తడి. లేదంటే సోడా బండి మీద ఐసు. అంతకు మించి నాకు అనుభవం లేదు. కానీ కల్లంలో వడ్లు ఉండగా మబ్బు పడితే ఏం చేయాలో మాత్రం ముప్పై ఏళ్లుగా తెలుసు. కిందటి యాసంగిలో తేమ 17 శాతానికి దిగితేగానీ కాంటా పెట్టమన్నారని ఇంకో ఎండ, ఇంకో ఎండ అని చూస్తూ కూర్చున్నాను. మూడో ఎండకు బదులు వాన వచ్చింది. పరదాలు గుంజేలోపే రాశి అడుగున నీళ్లు పారాయి. అప్పటినుంచి నాది ఒకటే మాట: అనుమానం వచ్చిన నిమిషమే లేవాలి.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, సాయంత్రం నాలుగున్నరకు న్యూజెర్సీలో ఉండే మావాడు వీడియో కాల్ చేశాడు. అక్కడ పొద్దున ఆరు. నేను, మా ఇంటామె, మిర్యాలగూడ రైస్‌మిల్లులో పనిచేసే మా బామ్మర్ది ముగ్గురం చాయ్ గ్లాసులతో ఫోన్ ముందు కూర్చున్నాం.

"ఆరంగుళాల మంచు పడ్డది నాన్నా. కాసేపైతే సాబుదాన లెక్క పూసలు పడతయట, తర్వాత వానట. రాత్రికి మైనస్ పది. ఇప్పుడే ఎత్తాల్నో, ఆగాల్నో తెలుస్తలేదు."

"మంచు పడే కాడ వానేందిరా?"

వాడు చెప్పాడు. పైన ఎక్కడో వెచ్చటి గాలి పొర ఒకటి అడ్డం వస్తుందట. మంచు అందులో నుంచి దిగేటప్పుడు కరిగి నీళ్లవుతుంది. దాని కింద చలిగాలి మందంగా ఉంటే మళ్లీ గడ్డకట్టి పూసలై రాలుతుంది. పలచగా ఉంటే నీళ్లుగానే పడి, నేలను తాకినాక గడ్డకడుతుంది. ఈ చివరి ముక్క దగ్గరే నేను చెవి పెట్టాల్సింది. మా బామ్మర్ది అప్పుడే మిర్చి బజ్జీల పొట్లం విప్పాడు.

"ఆగమను బావా. అంతా పడ్డాక ఒకేసారి ఎత్తితే ఒకే కూలీ" అన్నాడు వాడు.

నేను లెక్క తీశాను. ఆరంగుళాల మంచు కరిగితే అరంగుళానికి కాస్త ఎక్కువ నీళ్లట. మావాడి కారు పెట్టే జాగా నలభై అడుగుల పొడవు, ఇరవై వెడల్పు. అంటే పదకొండు క్వింటాళ్లు. మన నలభై కిలోల బస్తాల్లో చెప్పాలంటే ఇరవై ఎనిమిది. ఇది పొడి మంచు సంగతి. మీద వాన పడితే స్పాంజిలా పీల్చుకుని ఇంకెన్ని బస్తాలవుతుందో!

"తడిసిన వడ్ల బరువు నీకు తెల్వదురా. పొడిగున్నప్పుడే ఎత్తు. ఇప్పుడే!"

మా ఇంటామెకు బరువుతో పని లేదు. "అడుగున తెల్లగ ఉంచకు బిడ్డా. శుభ్రంగ నల్లగ కనబడాలె, ముగ్గేసేటట్టు."

పాపం, పిల్లవాడు గంటన్నర పార పట్టాడు. ఫోన్ కిటికీకి ఆనించాడు కాబట్టి మేం ఇక్కడి నుంచి "ఆ మూలకు, ఆ మూలకు" అని చెబుతూనే ఉన్నాం. ఏడున్నరకల్లా తారు తళతళలాడింది. మా ఆమె కళ్లు తుడుచుకుంది. నేను బామ్మర్ది వైపు చూసి ఇంకో బజ్జీ తీసుకున్నాను.

వాన మొదలైంది. అరగంటకు మావాడు చెత్త డబ్బా రోడ్డు మీద పెట్టడానికి, ఫోన్ చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చాడు. మాకు మొదట వాడి ముఖం కనపడింది. తర్వాత ఆకాశం. ఆ తర్వాత ఒక చెట్టు, మళ్లీ ఆకాశం, చివరికి చెత్త డబ్బా చక్రం. ఆ చక్రం చాలాసేపు కదల్లేదు.

"పడ్డవా బిడ్డా?" అంది వాళ్లమ్మ.

"పడలేదమ్మా. జారిన. ఇంకా జారుతనే ఉన్న."

మేం నల్లగా తోమించిన తారు మీద వాన పడింది పడినట్టే అద్దంలా అతుక్కుపోయింది. పార దిగదు, కాలు నిలవదు. దొడ్డుప్పు చల్లమంది మా ఆమె. చల్లాడు, కొంత కరిగింది, కానీ రాత్రి చలి ముదిరాక ఉప్పు కూడా చేతులెత్తేసింది. వేడినీళ్లు పోయమన్నాడు బామ్మర్ది. అవి కూడా గడ్డకట్టి రెండో పొర అవుతాయని మావాడు దండం పెట్టాడు.

ఎదురింటి ముసలామె పొద్దున పైపైన తీసి రెండు వేళ్ల మందం మంచు వదిలేసిందట. వాన దాని మీద పడి అప్పడంలా పెచ్చు కట్టింది. వాన ఆగిన వెంటనే, చలి ముదరకముందే ఆమె వచ్చి, అడుగున పార దూర్చి పెళ్లలు పెళ్లలుగా లేపేసింది. ఇరవై నిమిషాలు. మొత్తం వదిలేసినా తప్పేనట, రాత్రికి అడుగుదాకా రాయవుతుంది. అంటే బామ్మర్దిది కూడా పూర్తిగా ఒప్పు కాదు. ఈ మాట వాడితో రెండుసార్లు అన్నాను.

ఇంకోటి ఉంది. ముందర బ్లేడు కట్టిన లారీ వచ్చి రోడ్డు మీది మంచంతా తోసుకుంటూ పోయింది. పోతూ పోతూ సరిగ్గా మావాడి వాకిలి మూతికి అడ్డంగా నడుమెత్తు గట్టు పోసింది. మా సాగర్ ఎడమ కాలువ పూడిక తీసి గట్టున పోసినట్టే ఉంది. మట్టి అయితే ఎవరైనా ట్రాక్టర్లో తీసుకుపోయేవాళ్లు.

ఫిబ్రవరిలో అక్కడ మళ్లీ తుఫాను అని టీవీలో చూసి, చాయ్ పెట్టించి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. రాత్రి తొమ్మిదింటికి వాడే చేశాడు.

"పొద్దున్నుంచి సిగ్నల్ లేదు నాన్నా, మంచుకు."

సరేలే అనుకున్నాను. పక్క గదిలో మా ఇంటామె ఫోన్ చూస్తూ నవ్వుతోంది. శుభ్రం చేసిన వాకిలి ఫొటో వచ్చిందట, సాయంత్రం ఆరింటికే.