ప్రెషర్ 130

బెంగళూరు, రామమూర్తినగర్, మా ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం. నేను హాల్లో లాప్‌టాప్ ముందు పనిచేస్తున్నట్టు నటిస్తున్నాను. వంటింట్లో మా నాన్నకీ, ఆయన అక్కకీ మొదలైంది. నాకు అత్త మాటలే బాగా గుర్తున్నాయి. నాన్న క్షమించాలి.

నాన్న: అక్కా, పప్పులో ఉప్పు లేదు.

అత్త: తెలుసు.

నాన్న: మర్చిపోయావా?

అత్త: నీ పెళ్లిరోజు ఏటా నీకు గుర్తుచేసేది నేను. నేను మర్చిపోతానా? కావాలనే వెయ్యలేదు.

నాన్న: సర్లే, ఆవకాయ జాడీ ఏది?

అత్త: బీరువాలో పెట్టి తాళం వేశాను.

నాన్న: ఆవకాయ బీరువాలోనా! పట్టుచీరల పక్కనా?

అత్త: తమ్ముడి కంటే పట్టుచీరలు ఎక్కువా? ముందు ఆ గ్లాసు తాగు.

నాన్న: ఏంటిది?

అత్త: వాము నీళ్లు. గాలి పోవడానికి.

నాన్న: ఎవరి గాలి?

అత్త: నీదే. పొద్దున మేడమీద ఫోన్లో చెప్పుకున్నావుగా, "ముందు లోపలి గాలంతా పోవాలి, ఆ తర్వాతే ప్రెషర్" అని. నా మోకాళ్లు పోయాయి గానీ చెవులు పోలేదు.

(ఇక్కడే అసలు సంగతి చెప్పేసి ఉంటే పప్పు అప్పుడే బాగుపడేది. నాన్న చెప్పలేదు. మిషన్ కొన్న సంగతి అత్తకు తెలీదు. అది మేడమీద పాత దుప్పటి కింద ఉంది.)

నాన్న: అది... వేరే ప్రెషర్ అక్కా.

అత్త: ప్రెషర్లో వేరే ఏముంటుందిరా? 130 అన్నావు. 80కి దించాలా, 100 దాకా పర్లేదా అని అడిగావు. మన నాయనకూ ఇలాగే మొదలైంది.

నాన్న: 130 అనేది పెట్టె మీద రాసింది...

అత్త: మనిషికి రాసేది నుదుటి మీద. పెట్టె మీద రాసిందేంటి? ఏ పెట్టె?

నాన్న: మందుల పెట్టె.

అత్త: చూశావా, మందుల దాకా వచ్చింది! ఆ రంగు రంగుల బిళ్లలేనా? ఎర్రది ససేమిరా వద్దు, పై పొర ఊడొస్తుంది అన్నావు. పసుపుది కూడా భయమే అన్నావు. ఆకుపచ్చది, తెల్లది పర్లేదట. నల్లది సబ్బుకట. ఒరే, సబ్బుకు బిళ్లేమిట్రా?

నాన్న: నల్లది నురుగు కోసం.

అత్త: నురుగు కూడా వస్తోందా! నోట్లోంచా?

నాన్న: అబ్బా!

అత్త: అరవకు, ఇంకా పెరుగుతుంది. అడుగున్నర దూరంలో ఉండాలి అన్నావు. ఎందుకు, అంటుకుంటుందా? ఎండలో అసలు పనికిరాదు, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే అన్నావు. ఆ ఒక్క మాటా నిజం. మొన్న మిట్టమధ్యాహ్నం నెత్తిన గుడ్డ లేకుండా వెళ్లి కొత్తిమీర తెచ్చావు.

నాన్న: నువ్వే పంపావు!

అత్త: పంపితే వెళ్లిపోవడమేనా? ఇవన్నీ సరే. చివర్లో అన్నావే, "ఆపేశాక కూడా లోపల ప్రెషర్ మిగులుతుందా" అని. ఆగిపోయాక ఇంకేం ప్రెషర్రా...

(అత్త గొంతు జీరపోయింది. ముక్కు చీదిన చప్పుడు. నేను టైపు చెయ్యడం ఆపాను. ఎక్కువసేపు ఆపాల్సిన అవసరం రాలేదు.)

అత్త: నీకంటే ఏడేళ్లు పెద్దదాన్ని. లైన్లో ముందున్నది నేను. రేషన్ షాపులో దూరినట్టు మధ్యలో దూరావంటే ఊరుకోను.

నాన్న: అక్కా, అక్కా. ఏడవకు. నాకేం కాలేదు. కారు కడిగే మిషన్ కొన్నాను. ప్రెషర్ వాషర్.

(కాసేపు నిశ్శబ్దం. కుక్కర్ కూడా అప్పుడే ఆగింది.)

అత్త: ఎంత?

నాన్న: 130 బార్.

అత్త: నేనడిగింది డబ్బులు.

నాన్న: అది తర్వాత చెప్తా. ముందు పని వినవే. కారు రంగుకు 80 నుంచి 100 బార్ చాలు...

అత్త: 80 చాలేదానికి 130ది ఎందుకు కొన్నావు?

నాన్న: ...రంగులంటే నాజిళ్లు అక్కా, నీళ్లు చిమ్మే చోట తగిలించే మూతులు. ఎర్రది సున్నా డిగ్రీల కోణం. నీళ్లు సూదిలా ఒకేచోట పొడుస్తాయి, రంగు లేచిపోతుంది, టైరు కూడా పాడవుతుంది. తెల్లది 40 డిగ్రీలు, చీపురులా విచ్చుకుంటుంది. అడుగున్నర దూరం నుంచి, పైనుంచి కిందికి కొట్టాలి. ముందు మట్టీ ఇసుకా పోవాలి, ఆ తర్వాత షాంపూ నురుగు. మట్టి మీదే గుడ్డ వేసి రుద్దితే గీతలు పడతాయి.

అత్త: నీ పాత బనియన్లతో పదేళ్లుగా చేసింది అదేగా.

నాన్న: అందుకేగా కారు అలా ఉంది! ఎండలో అయితే నురుగు ఆరిపోయి మరకలు కడుతుంది. మిషన్ ఆపాక ట్రిగ్గర్ నొక్కి లోపల మిగిలిన ప్రెషర్ వదిలెయ్యాలి. లేకపోతే పైపు విప్పేటప్పుడు మొహాన కొడుతుంది. తడిలో ప్లగ్గు ముట్టుకోకూడదు, ఎక్స్‌టెన్షన్ బోర్డు నేలమీద పెట్టకూడదు...

అత్త: ఇంత శ్రద్ధగా చదివుంటే ఇంటర్ ఒకేసారి పాసయ్యేవాడివి.

నాన్న: ఆ మాట ఇప్పుడెందుకు?

అత్త: నీళ్లెక్కడివి? 2024లో జలమండలి వాళ్లు తాగే నీళ్లతో బండి కడిగితే 5,000 జరిమానా అన్నప్పుడు, వీధి వీధంతా వినేలా పేపర్ చదివింది నువ్వే.

నాన్న: కావేరి నీళ్లు కాదు. డ్రమ్ములో పట్టిన వాన నీళ్లు. వడకట్టి వాడతాను, నలక పోతే మిషన్ పాడవుతుంది. పైగా నిమిషానికి ఆరేడు లీటర్లే లాగుతుంది.

అత్త: కారుకు వడకట్టిన నీళ్లు. నా కాఫీకి ట్యాంకర్ నీళ్లు. బాగుంది.

నాన్న: సరే, తప్పు నాదే. ఇప్పుడైనా ఉప్పు వెయ్యి.

అత్త: కుదర్దు.

నాన్న: ఇంకా ఎందుకు?

అత్త: చిన్నోడు మదనపల్లెలో బస్సెక్కేశాడు.

నాన్న: ఎందుకెక్కాడు?

అత్త: నిన్ను చూడ్డానికి. పొద్దున నేనే ఫోన్ చేశాను. ఏడ్చాను కూడా.

నాన్న: దిగిపొమ్మని చెప్పు!

అత్త: ఏమని? ప్రెషర్ అన్నకు కాదురా, కారుకు అనా? మదనపల్లెలో నేనింక తలెత్తుకోగలనా? వాడొచ్చి వెళ్లేదాకా నువ్వు రోగివే. తిన్నాక వెళ్లి మంచం ఎక్కు.

నాన్న: సాయంత్రం దాకానా?

అత్త: పెళ్లాంపిల్లలతో వస్తున్నాడు. బుధవారం దాకా.

నాన్న: మరి నా కారు? నా మిషన్?

అత్త: చిన్నోడు కడుగుతాడు. నువ్వు కిటికీలోంచి నీరసంగా చెబుతూ ఉండు, ఎర్రది వద్దని.

(నాన్న ఏమీ అనలేదు. చప్పిడి పప్పన్నం కలుపుతున్న చప్పుడు, చాలా నెమ్మదిగా. తర్వాత లోపలి గదిలో బీరువా కిర్రుమంది.)

అత్త: ఒక్క ముక్కే. తిన్నాక చెయ్యి సబ్బుతో కడుక్కో. వాడి ముక్కు మన నాయన ముక్కు.