పిల్లలూ, మీరే చెప్పండి!

నవంబర్ 14న మా ఊళ్ళో బాలసభ పెట్టారు. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాసేటప్పుడు పిల్లల మాట కూడా వినాలని పైనుంచి చెబుతుంటారు కదా. వినడానికి కావాల్సినవన్నీ సిద్ధం చేశారు. షామియానా, మైకు, ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో పెద్దల ఫోటోలు పోగా మిగిలిన మూలలో నలుగురు పిల్లలు నవ్వుతున్నారు. నలుగురిదీ బంగారు రంగు జుట్టే. మా మండలం మొత్తం వెతికినా అలాంటి పిల్లలు దొరకరు.

పదింటికన్న సభ పదకొండున్నరకి మొదలైంది. సర్పంచ్ గారి భర్త మైకు అందుకున్నారు. సర్పంచ్ గారు పక్క కుర్చీలోనే ఉన్నారు, కానీ మైకు అలవాటు ఆయనకే. "ఈరోజు మేం మాట్లాడం, పిల్లలే మాట్లాడతారు" అన్న సంగతిని అరగంట సేపు వివరించారు.

తర్వాత హెడ్మాస్టారు లేచి, 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక గురించి, 1992లో మన దేశం దాన్ని ఒప్పుకోవడం గురించి చెప్పారు. పిల్లల అభిప్రాయాలకు విలువివ్వాలనే 12వ అధికరణం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు గద్గదమైంది. వెనక వరసలో ఎవడో ఏదో అనబోతే "ఏయ్, నోర్ముయ్!" అని గద్దించి, మళ్ళీ గద్గదంగా అందుకున్నారు.

పిల్లల అభిప్రాయాలేమిటో తెలుగు మాస్టారు ముందే చీటీల మీద రాసి పెట్టారు. సరిగ్గా అప్పుడే ఎవరో స్టాండు ఫ్యాను అటు తిప్పారు. ఎగిరిపోయిన చీటీల్లో చేతికందింది పట్టుకుని పిల్లలు వరసలో నిలబడ్డారు. నూనూగు మీసాల పదో తరగతి కుర్రాడు మైకు ముందుకొచ్చి, "పద్దెనిమిదేళ్ళు నిండకుండా నాకు పెళ్ళి చేయకు నాన్నా!" అని చదివాడు. "ఎవడు చేస్తానన్నాడ్రా?" అన్నాడు వాళ్ళ నాన్న వెనకనుంచి. ఆ తర్వాత మూడో తరగతి పాప, "డిగ్రీలు చదివినా ఉద్యోగం దొరకడం లేదు" అని ముద్దుముద్దుగా వాపోయింది. చప్పట్లు దానికే ఎక్కువ పడ్డాయి.

ఈలోగా సమోసాలు వచ్చేశాయి. సభ ముగిసిపోయేదే. కానీ మినిట్స్ రాసుకుంటున్న పంచాయతీ కార్యదర్శి, "మన పరిధిలోది ఒక్క సమస్యైనా ఉండాలండీ" అని పట్టుబట్టాడు. చీటీ దొరకని ఎనిమిదో తరగతి అమ్మాయిని ముందుకు తోశారు.

"మా బాత్రూమ్ తలుపుకి గొళ్ళెం లేదండీ. ఒకళ్ళు లోపలికెళ్తే ఇంకొకళ్ళు బయట తలుపు పట్టుకోవాలి. ఎవరూ రాకపోతే ఇంటికెళ్ళేదాకా ఆగుతాం. అందుకని నీళ్ళు కూడా తాగం."

సర్పంచ్ గారి భర్త గొంతు సవరించుకున్నారు. తీర్మానం చేసి, ఎస్టిమేట్లు వేయించి, నిధులు రాగానే తప్పకుండా చూస్తామన్నారు.

"మీ షాపులో ఉంటాయి కదండీ? మొన్న మా నాన్న గేదెల పాక తలుపుకి అక్కడే కొన్నాడు" అంది ఆ పిల్ల.

సెంటర్లో ఉన్న హార్డ్‌వేర్ షాపు ఆయనదే. ఈ ముక్క మినిట్స్‌లో ఎక్కడ రాయాలో తెలీక కార్యదర్శి పెన్ను పైకెత్తి అలాగే ఉండిపోయాడు. అప్పటిదాకా నోరు విప్పని సర్పంచ్ గారు, మైకు లేకుండానే అడిగారు.

"ఎన్ని కావాలమ్మా?"

"మూడండీ. మాకు రెండు, టీచర్లకొకటి. వాళ్ళకీ మేమే తలుపు పట్టుకుంటున్నాం."