సవరణ: శీతాకాలంలో గ్లేసియర్ పాయింట్ దారి, మంచు గొలుసులు

కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కు శీతాకాల యాత్ర గురించిన మునుపటి టపాలో, గ్లేసియర్ పాయింట్ అనే వ్యూపాయింట్ దాకా కారులో వెళ్లవచ్చనీ, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి మంచు గొలుసులు (మంచుమీద జారకుండా టైర్లకు తగిలించేవి) అక్కర్లేదనీ ఉంది. ఈ రెండింటినీ ఇలా సవరించి చదువుకోగలరు.

సాధారణంగా నవంబరు నుంచి మే వరకు ఆ రోడ్డు మూసి ఉంటుంది. స్కీయింగ్ జరిగే కాలంలో ఆ దారిలోని బ్యాడ్జర్ పాస్ స్కీ కేంద్రం వరకు మాత్రమే మంచు తొలగిస్తారు. అక్కడి నుంచి గ్లేసియర్ పాయింట్‌కు ఒకవైపే సుమారు 17 కిలోమీటర్లు స్కీలపైనో స్నోషూలతోనో (మంచులో కూరుకుపోకుండా బూట్లకు కట్టుకునే వెడల్పాటి చట్రాలు) సాగాలి కాబట్టి, పిల్లాపాపలతో ఒక్క పూటలో వెళ్లివచ్చే దారి కాదది. స్నోషూలతో నడిచేవారు స్కీలు వేసిన జంట గాళ్లను తొక్కకుండా పక్కగా వెళ్లాలి. ఆ గాడి చెదిరితే వెనక వచ్చేవారి స్కీలు నిలవవు.

ఇక గొలుసులు: రోడ్డు మీద గొలుసుల నియంత్రణ అమలులో ఉన్నప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ బండిలోనూ అవి ఉండి తీరాలి. నాలుగు చక్రాలకూ మంచు టైర్లు ఉంటే ఈ నియంత్రణలోని మూడు స్థాయిల్లో రెండోదైన ఆర్2లో తగిలించనక్కరలేదు గానీ, అన్నిటికన్నా కఠినమైన ఆర్3 ప్రకటిస్తే ఆ మినహాయింపు కూడా ఉండదు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి అద్దె కారులో బయలుదేరే మనవాళ్లు, గొలుసులు తగిలించడానికి అద్దె ఒప్పందం అనుమతిస్తుందో లేదో ముందే చూసుకోవాలి. చాలా ఒప్పందాలు అనుమతించవు.