నూరు శాతం హాజరు ప్రశంసాపత్రం గారికి

మహారాజశ్రీ ప్రశంసాపత్రం గారికి, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మూడో తరగతి పిల్ల తండ్రి నమస్కరించి రాసుకున్న ఉత్తరం.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు అలాగే చెబుతున్నారు కాబట్టి క్షేమమే అయి ఉంటాం. మా ముందుగదిలో జగన్నాథుడి క్యాలెండరుకూ సింహాద్రి అప్పన్న పటానికీ మధ్య మేకు కొట్టి మిమ్మల్ని వేలాడదీసి ఏడాది కావస్తోంది. బంగారు రంగు అంచు, మూలన బడి ముద్ర, కింద ఆకుపచ్చ సిరా సంతకం, పైన ప్లాస్టిక్ పొర. వానాకాలంలో అప్పన్న పటానికి చెమ్మ పట్టింది గాని మీకు పట్టలేదు. మీకు ఏదీ పట్టదు. ఈ ఇంట్లో ఇంతవరకూ జబ్బు పడనిది మీరొక్కరే.

మా అమ్మకు ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మిమ్మల్ని తెచ్చిన రోజున కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం రాశారురా ఇందులో?"

"శత ప్రతిశత ఉపస్థాన అని. నీ మనవరాలు ఏడాదిలో ఒక్క రోజు కూడా బడి మానలేదని."

"మూడుసార్లు జ్వరం వచ్చింది కదా?"

"వచ్చింది."

"కళ్లకలక?"

"అదీ వచ్చింది."

అమ్మ మిమ్మల్ని నా చేతిలో పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. మేకు కొట్టింది నేనే. ముందుగా ఆ నేరం ఒప్పుకుంటున్నాను.

మీరు మా ఇంటికి ఎలా దయచేశారో మీకు తెలియకపోవచ్చు, చెబుతాను. ఆగస్టు నెల. పొద్దున్న ఏడుంపావుకు పిల్ల ఒళ్లు పెనంలా ఉంది. థర్మామీటరు 101.8 చూపించింది. అప్పటికి ఒక్క నాగా లేదు. ఒక మూత పారాసెటమాల్ సిరప్ పోశాం. నారింజ రుచిది, అయితే గొడవ చేయకుండా మింగుతుంది. ఎనిమిదింటికి చెమట పట్టి నుదురు చల్లబడింది. "తగ్గిపోయింది" అన్నాం అందరమూ. "దాగింది" అనే మాట ఆ పూట ఎవరికీ తోచలేదు. రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, ఆటో ఎక్కించాం.

ఆ మందు నాలుగు గంటలు పనిచేస్తుంది, మహా అయితే ఆరు. మధ్యాహ్నం అన్నం గంట కొట్టేసరికి జ్వరం తన హాజరు తాను వేయించుకుంది. సాయంత్రం ఆటో దిగినప్పుడు పిల్ల కుడి చెంప మీద బల్ల అంచు గీత పడి ఉంది. గీత పక్కనే, ఎవరో కంపాసు ముల్లుతో బల్ల మీద చెక్కిన అక్షరం తిరగబడి అచ్చు పడింది. ఒడియా 'మ' అని తర్వాత పోల్చుకున్నాను. ఆ రోజు బడిలో దానికి ఎక్కిన అక్షరం అదొక్కటే. హాజరు పట్టీలో మాత్రం లోటు లేదు.

సోమవారానికి పక్కన కూర్చునే అమ్మాయి రాలేదు. బుధవారానికి వెనక బెంచీ సగం ఖాళీ. ఆటో నడిపే ఆయన గురువారం దగ్గుతూ వచ్చాడు, శుక్రవారం రానే లేదు. మా పిల్ల ఒక్క నాగా తప్పించుకోవడానికి మిగతావాళ్లు పెట్టిన నాగాలన్నీ మీ బంగారు అంచు చుట్టూ రాస్తే చోటు చాలదు. అవి మీ ఖాతాలోకి రావు లెండి.

బడివారి న్యాయం కూడా మీలాంటిదే. తలలో పేను కనబడితే ఆ పూటే ఇంటికి పంపించేశారు. జ్వరం కనబడితే చివరి బెంచీలో పడుకోబెట్టారు. పేను ఎగరదు, దూకదు. తలకు తల ఆనితేనే పాకుతుంది. సాయంత్రం దాకా ఆగి ఇంట్లో మందు రాసి దువ్వుకుంటే సరిపోయేది.

మీకు అంకెలంటే ప్రీతి కాబట్టి కొన్ని అంకెలే విన్నవిస్తాను. 100.4 తాకితే జ్వరం. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా గడిస్తేనే బడి. వాంతులూ విరేచనాలూ ఆగాక కనీసం ఒక రోజు ఇంట్లో, రెండు రోజులైతే ఇంకా మంచిది. తట్టు అయితే ఒంటి మీద పొక్కిన తర్వాత నాలుగు రోజులు. ఆ తట్టు మహాశయుడి సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లవాడు గది విడిచి వెళ్లిన రెండు గంటల దాకా ఆ గాలిలోనే కూర్చుని ఉండగలడు. టీకా పడని పిల్లలు పదిమంది దగ్గరగా ఉంటే తొమ్మిదిమందికి అంటుకోగలడు. బడి వదిలాక కూడా తరగతిలోనే ఉండే విద్యార్థి ఇంకెవరున్నారు? న్యాయంగా మిమ్మల్ని ఆయనకే ఇవ్వాలి.

ముక్కు కారుతోందని మానిపించమనడం లేదు. అలా అయితే వానాకాలమంతా బడికి తాళం వేసుకోవాలి. ఒంట్లో హుషారు ఉండి, జ్వరం లేకుండా, అన్నం తింటున్న పిల్ల జేబురుమాలు పట్టుకుని వెళ్లవచ్చు.

మా అమ్మ దగ్గర మీకన్నా పాత చట్టం ఒకటుంది. ఆటలమ్మ పోసిన ఇంటి గుమ్మానికి వేపమండ కడతారు. పక్కింటి ఒడియావాళ్లు ఆటలమ్మను హాడఫుటి అంటారు, వాళ్ల గుమ్మానికీ వేపమండే. అది చూస్తే పాలవాడు కూడా గడప అవతలే చెంబు పెట్టి వెళ్లిపోయేవాడట. పిల్లను గదిలో ఉంచేవారు, చుట్టాలు వచ్చేవారు కారు, బడి మాట ఎత్తేవారే కారు. ఇదంతా మూఢనమ్మకమని తెలిసిన మాస్టారు ఒకరు నవ్వారు. నవ్వనీయండి. పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా, అంటే దాదాపు వారం, పిల్లను బయటికి పంపవద్దని డాక్టరు చెప్పేదీ అదే. పొక్కు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందే అంటుకోవడం మొదలవుతుంది. అందులో ఎవరి తప్పూ లేదు. కనబడ్డాక పౌడరు రాసి, పొడుగు చేతుల చొక్కా తొడిగి, గుండీలన్నీ పెట్టి పంపడం వేరు. అలా పంపిన ఇల్లు మా వీధిలోనే ఉంది. మీకోసమే పంపారు.

మా ఊరికి జ్వరం కొత్తదేమీ కాదు. గిడుగు రామమూర్తి గారు ఇక్కడే పిల్లలకు పాఠాలు చెప్పారు. సవర భాష కోసం కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని తినేసింది. ఆయన హాజరు శాతం ఎంతని ఇప్పుడు ఎవరూ అడగరు. ఈ గజపతి, రాయగడ జిల్లాల్లో ఈనాటికీ జ్వరమంటే ముందు వేలు గుచ్చి ఒక్క చుక్క రక్తం చూడాలి. ఆశా కార్యకర్త సంచిలో ఆ పరీక్ష పట్టీ ఉంటుంది, అరగంట లోపే తేలిపోతుంది. 2017 నుంచి 'దమన్' పేరుతో ప్రభుత్వం కొండ ఊళ్లకు వెళ్లి జ్వరం లేనివాళ్ల రక్తం కూడా పరీక్షిస్తోంది. మలేరియా బెంచీ మీద అంటుకోదు, దోమ కావాలి, నిజమే. కానీ అక్కడ కనబడని జ్వరాన్ని వెతుకుతూ కొండలెక్కుతుంటే, ఇక్కడ కళ్లెదుట కాలుతున్న జ్వరాన్ని నారింజ రసంలో ముంచి దాచిన ఘనత మాది.

ఇదంతా మా ఇంట్లో అమ్మ ఉంది కాబట్టి రాయగలుగుతున్నాను. పొద్దున్నే కూలికి వెళ్లే తల్లి జ్వరం పిల్లను ఎవరికి అప్పగిస్తుంది? బడిలో కనీసం నీడ ఉంటుంది, ఒక పూట అన్నం ఉంటుంది. ఆమెను నేనొక్క మాట అనను. ఆమె మీ మొహం చూసి పంపడం లేదు, ఆమె ఇంట్లో మీకు మేకు కూడా లేదు. పంపేది మాలాంటివాళ్లం. అయిదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు ఉండాలని విద్యాహక్కు చట్టం అంటుంది. అది బడి తలుపులు తెరవడానికి పెట్టిన లెక్క. దాన్ని పిల్ల ఒంటికి తొడిగింది మీరు.

ఈ జనవరిలో మా పిల్లకు గవదబిళ్లలు వచ్చాయి. సర్కారు ఉచితంగా వేసే టీకాలో తట్టు, రుబెల్లా ఉన్నాయి గాని ఇది లేదు. వాపు మొదలైనప్పటి నుంచి అయిదు రోజులు ఇంట్లోనే ఉంచాం. మూడో రోజున, బూరెలాంటి బుగ్గతో మీ ముందు నిలబడి ఏడ్చింది. "ఈసారి రాదు కదా నాన్నా?" రాదన్నాను. వాళ్ల నాయనమ్మ రాగిజావ తెచ్చి ఇచ్చింది, మింగలేక సగం గిన్నెలోనే వదిలేసింది.

నిన్న సాయంత్రం మందుల దుకాణంలో వెనక వీధి ఆవిడ కనబడింది. వాళ్ల అబ్బాయిదీ మా పిల్ల తరగతే. "ఈ ఏడాది మావాడికే అంటున్నారండీ మాస్టారు, ఇంతవరకూ ఒక్క నాగా లేదు" అంది సంతోషంగా. అబ్బాయి ఆవిడ చీర కుచ్చిళ్లకు తల ఆనించి కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. దుకాణదారు సీసా కాగితంలో చుడుతుంటే ఆవిడ ఆపి అడిగింది: "ఇది నారింజ రుచిదేనా?"