అటక దిగిన సామాను: తూకానికా, సేకర్తలకా?

తిరుపతిలో, చిత్తూరులో పాత మిద్దెలు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు అటక మీది సామానంతా ఒక్కసారిగా కిందికి దిగుతుంది. బిందెలు, గంగాళాలు, దేవుడి పటాలు, రేడియో, చిల్లర నాణేలు. వాటిని ఏం చేయాలన్నదాని మీద పాత ఇత్తడి వ్యాపారికీ, పాత వస్తువుల సేకర్తకూ మధ్య వాదం ఇది.

వ్యాపారి: మొదటే చెప్తున్నా తమ్ముడూ. ఇత్తడి బిందె, గంగాళం, అండా లేని పాత ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు. అమ్మేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. సేకర్తలు లక్షలిస్తారని ఆశపెడితే ఆ సామాను ఇంకో పదేళ్లు ఏదో మూల పడి ఉంటుంది. తూకానికి వేస్తే సాయంత్రానికి డబ్బు చేతికొస్తుంది.

సేకర్త: బిందెల సంగతిలో మీ మాట కాదనను అన్నా. చాలావాటికి లోహం ధరే ధర. కానీ మీరు చూడకుండానే తూచేస్తారు, నా గొడవంతా అక్కడే. బిందె లోపలికి టార్చి వేసి చూడండి. సుత్తి దెబ్బలు వరసగా కనిపిస్తే చేత్తో కొట్టి చేసింది. రెండు ముక్కల్ని పళ్లు పళ్లుగా ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికిన గీత ఉంటే అది పాత పనితనం. గోడంతా ఒకే మందం, సన్నటి చుట్ల గీతలు తప్ప ఇంకేమీ లేకపోతే మిషను మీద తీసింది. దాన్ని మీ కాటాకే వేయండి.

వ్యాపారి: చేత్తో చేసిందైతే మాత్రం? మీద ఎవరిదో ఇంటిపేరు చెక్కి ఉంటుంది. ఇంకొకరి పేరున్న చెంబును పూజలో ఎవరు పెట్టుకుంటారు? అందుకే పేరు అరగదీసి అమ్ముతాం.

సేకర్త: అరగదీసేది ఆ చెంబు పుట్టిన తేదీ కాగితాన్ని! పాత పేర్లు ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టినవి. వేలితో తడిమితే ఒక్కో చుక్కా చిన్న గుంటలా తగులుతుంది. కరెంటు పెన్నుతో రాసింది వణుకుతున్న సన్నటి గీతలా ఉంటుంది, అది తర్వాతి కాలంది. పేరు, ఊరు, ఎవరి పెళ్లికి ఎవరు పెట్టారో, ఏ సంవత్సరమో ఉన్న చెంబును ఉత్త చెంబు పక్కన పెట్టండి. తెలిసినవాడి చేయి దేని మీదికి పోతుందో మీకే తెలుస్తుంది. కాగితాలదీ అదే దారి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. పాత దస్తావేజులో చిత్తూరును ఉత్తర ఆర్కాటు జిల్లా కింద రాసి ఉంటే అది అంతకు ముందుదని అక్కడే తేలిపోతుంది. మీరేమో ఆ కట్టల్ని చిత్తు కాగితాల గోనెలో వేస్తున్నారు.

వ్యాపారి: నల్లబడిన వస్తువును కస్టమరు చేత్తో ముట్టుకోడు. చింతపండు, ఉప్పు వేసి తోమిస్తాం. మురికి కదలకపోతే యాసిడ్. ఆపైన బఫింగ్. మెరిస్తేనే అమ్ముడుపోతుంది.

సేకర్త: వాడుకునే బోకులైతే తోమండి, ఎవరూ వద్దనరు. పాతదని తేలినదాన్ని మాత్రం తోమొద్దు. ఉప్పులోని క్లోరైడు లోహం మీది సందుల్లో దాక్కుంటుంది. సరిగ్గా కడగకపోతే నెలల తర్వాత తేమ తగిలి, లేత ఆకుపచ్చ పొడి రాలుతూ లోహాన్ని తింటుంది. యాసిడ్ ఇత్తడిలోని జింకును లాగేస్తుంది. అక్కడక్కడ గులాబీ రంగు మచ్చలు మిగులుతాయి, అంటే పైపొరలో రాగి మాత్రమే మిగిలిందన్నమాట. ఇక బఫింగ్ చక్రం దీపపు కుంది మీది హంస ముక్కును, లక్ష్మి కళ్లను అరగదీస్తుంది. అవి మళ్లీ రావు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపండి. జిడ్డుంటే గోరువెచ్చని నీళ్లతో కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవండి. అంతకుమించి చేయొద్దు.

వ్యాపారి: సరే. మరి విగ్రహమో, దంతం బొమ్మో బయటపడితే? సేకర్త తప్పించుకుంటాడు, పోలీసులు వచ్చేది నా కొట్టుకు.

సేకర్త: ఈ భయం న్యాయమైందే. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. రాతప్రతులకైతే 75 ఏళ్లు. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. విదేశాలకు పంపడం ప్రైవేటు వాళ్లకు కుదరదు. శిల్పాలు, పాత చిత్రాల వంటివాటిని నమోదు చేయించాలి. ఏనుగు దంతాన్నయితే అమ్మకానికే పెట్టకూడదు, వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. ఇట్లాంటివి కనిపిస్తే ధర మాట్లాడకముందే పక్కన పెట్టి, ఇంటివాళ్లకు విషయం చెప్పండి. తాళపత్రాలుంటే తిరుపతిలోనే ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధనాలయం ఉంది, అక్కడ చూపించమనండి.

వ్యాపారి: పటాల సంగతి చెప్పు. టేకు ఫ్రేముకు ధర ఉంది. బొమ్మ చెదలు తిని, గాజుకు అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని పీకి పారేస్తాం.

సేకర్త: పీకకండి! గాజుకు అతుక్కున్న కాగితాన్ని లాగితే రంగంతా గాజుకే పోతుంది. ఫ్రేముతోనే ఉంచండి. రవివర్మ ప్రెస్సు 1894లో బొంబాయిలో మొదలై, తర్వాత లోణావ్లా వైపు తరలింది. ఆ లక్ష్మి, సరస్వతి బొమ్మలు మన దేవుడి గదుల్లో ఉన్నాయి. అడుగు అంచున సన్నటి అక్షరాల్లో ప్రెస్సు పేరు ఉంటుంది. ఫ్రేములో పట్టలేదని ఆ అంచు కత్తిరించి ఉంటే విలువ బాగా పడిపోతుంది. భూతద్దంలో ముఖం చూడండి. రంగు ఇసుక చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటే రాతి పలకతో తీసిన పాత అచ్చు (లితోగ్రాఫ్) కావచ్చు. చుక్కలు ఒకే వరసలో పువ్వుల్లా అమరి ఉంటే తర్వాత వచ్చిన ఆఫ్‌సెట్ నకలు, క్యాలెండరు కిందే లెక్క.

వ్యాపారి: నాణేలకు మాత్రం నేను మోసపోను.

సేకర్త: బరువు చూడండి. బ్రిటిష్ వెండి రూపాయి 11.66 గ్రాములు. విక్టోరియా రూపాయిలో వెండి దాదాపు 92 శాతం, 1940 నుంచి వచ్చినవాటిలో సగమే. 1947 రూపాయిలో అసలు వెండే లేదు, నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటుంది. పాత నోటుకు లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి అనేవాళ్లను నమ్మొద్దు. తమకు ఆ వ్యవహారాలతో సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021లోనే చెప్పింది. బియ్యాన్ని లాగే రాగి చెంబు అంటూ ఎవరైనా వస్తే గడప కూడా తొక్కనివ్వకండి. రైస్ పుల్లింగ్ అంటే పూర్తిగా మోసం.

వ్యాపారి: రేడియో ప్లగ్గు పెట్టి చూస్తే పనిచేస్తుందో లేదో తెలిసిపోతుంది కదా.

సేకర్త: అట్లా పెట్టే చాలా రేడియోలు కాలిపోతాయి. ఏళ్ల తరబడి పడున్న వాల్వు రేడియోలో కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి, కరెంటు పారగానే ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు. మెకానిక్కయితే ముందు సిరీస్ బల్బుతో, అంటే కరెంటు దారిలో ఒక బల్బు కలిపి, చూస్తాడు. గ్రామఫోను రికార్డుల్ని స్పిరిట్‌తో తుడవకండి, పాతవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

వ్యాపారి: ఇవన్నీ చూస్తూ కూర్చుంటే ఇల్లు పడగొట్టేవాళ్లు ఆగరు. నీకు వారం ఇస్తా. మిగిలింది నా కాటాకే.

సేకర్త: వారం చాలు. వస్తువు మొత్తం ఒక ఫోటో, అడుగు ఒకటి, రాత దగ్గర ఒకటి, పగులుంటే అదొకటి. పక్కన స్కేలు పెట్టాలి. బరువు మీ కాటా మీదే తూచి రాస్తా. మూతల్ని మాత్రం వేరే మూటల్లో కట్టకండి. మూత పోయిన మరచెంబు అరధర కూడా పలకదు.

వ్యాపారి: మరచెంబు మూతలు ఇప్పటికే వేరే గోనెలో పడ్డాయి. రేపు పొద్దున్నే రా. ఏ మర దేనికి పడుతుందో నువ్వే తిప్పి చూసుకో.