గడప దాటాక భరోసా ఏదీ?

విజయవాడ బీసెంట్ రోడ్డులో నడిచి వెళుతున్న మనిషిని ద్విచక్ర వాహనం ఢీకొంటే చట్టం అతని పక్షాన నిలుస్తుంది. ఆ బండికి థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. పరిహారం కోరడానికి ప్రత్యేక ట్రైబ్యునల్ ఉంది. తప్పెవరిదో రుజువు చేయనక్కర లేకుండానే మరణానికి 5 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు పొందే వీలును మోటారు వాహనాల చట్టంలోని 164వ సెక్షన్ కల్పిస్తోంది. అదే మనిషి నాలుగడుగులు వేసి బట్టల దుకాణం మెట్లెక్కుతూ, అప్పుడే తుడిచిన గ్రానైట్ రాయి మీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే అతనికి ట్రైబ్యునల్ లేదు, బీమా లేదు, ఏ చట్టం కింద అడగాలో చెప్పే నాథుడూ లేడు. దుకాణంవారు మంచినీళ్లిచ్చి, ఆటో ఎక్కించి, ‘చూసుకుని నడవాలి కదండీ’ అంటారు. వ్యవహారం అక్కడితో ముగిసిపోతుంది.

ఒక స్థలాన్ని తన అధీనంలో ఉంచుకున్నవారు అక్కడికి సక్రమంగా వచ్చేవారి భద్రతకు ఎంతవరకు బాధ్యులన్న ప్రశ్నకు మన దేశంలో సూటిగా జవాబిచ్చే శాసనమే లేదు. ఉన్నవల్లా న్యాయస్థానాల తీర్పులు, వాటికి మూలమైన పాత ఆంగ్ల సూత్రాలు. ఆ సూత్రాలు పుట్టిన ఇంగ్లండ్ మాత్రం 1957లోనే చట్టం చేసుకుంది. పిలిస్తే వచ్చినవారు, అనుమతితో వచ్చినవారు అనే పాత తేడాను చెరిపేసి, వచ్చిన పని చేసుకుని క్షేమంగా తిరిగి వెళ్లేందుకు తగిన జాగ్రత్త తీసుకోవడం స్థలం నిర్వహించేవారి విధి అని అందులో రాసుకుంది. పిల్లలకు పెద్దలంత జాగ్రత్త ఉండదని గుర్తెరిగి మసలుకోవాలనీ, ప్రమాదం నుంచి నిజంగా తప్పించగలిగితే తప్ప హెచ్చరిక బోర్డు పెట్టినంత మాత్రాన బాధ్యత తీరదనీ ఆ చట్టం చెబుతోంది.

మన సుప్రీంకోర్టు ఈ విషయంలో మౌనంగా ఉందని అనలేం. దిల్లీ చాందినీ చౌక్‌లోని గడియారస్తంభం కూలిన కేసులో 1966లోనే అది పురపాలక సంఘాన్ని బాధ్యురాలిని చేసింది. నలభై, నలభై అయిదేళ్లు మన్నే కట్టడాన్ని ఎనభై ఏళ్లపాటు సరైన తనిఖీ లేకుండా నిలబెట్టడమే నిర్లక్ష్యానికి సాక్ష్యమని భావించింది. 1997 జూన్ 13న 59 మందిని బలిగొన్న ఉపహార్ థియేటర్ అగ్నిప్రమాదంలో, అదనపు సీట్ల కోసం నడవ మూసేసిన యాజమాన్యాన్ని తప్పుపట్టింది. అయితే ఆ తీర్పు వెలువడింది 2011లో. పైగా మృతుల వయసును బట్టి హైకోర్టు ఖరారు చేసిన 18 లక్షలు, 15 లక్షల పరిహారాన్ని 10 లక్షలు, 7.5 లక్షలకు తగ్గించింది. అంత పెద్ద విషాదంలో, సంఘటితంగా పోరాడిన కుటుంబాలకే పద్నాలుగేళ్లు పట్టింది. మెట్ల మీద జారిపడిన ఒంటరి మనిషి సివిల్ కోర్టుకు వెళతాడని ఎలా ఆశించగలం?

వినియోగదారుల కమిషన్ ఉంది కదా అనవచ్చు. అది డబ్బు చెల్లించి సరకో సేవో పొందినవారి కోసం ఏర్పడిన వేదిక. గుంటూరు కొత్తపేట ఆస్పత్రులలో రోగికి క్యారేజీ పట్టుకొచ్చే బంధువు, అపార్టుమెంటు సెల్లార్‌లో మీటర్ రీడింగు తీసుకునే ఉద్యోగి, పార్సిల్‌తో నాలుగో అంతస్తుకు పరుగెత్తే డెలివరీ కుర్రవాడు ఆ నిర్వచనంలో ఇమడడం కష్టం. వీరెవరూ దొంగచాటుగా జొరబడినవారు కారు. ఆ భవనం నడవాలంటే వీరు రావలసిందే. ప్రాణం పోతే ఆ కుటుంబానికి మిగిలే ఆధారం 1855 నాటి మరణ ప్రమాదాల చట్టం, అది కూడా రెండేళ్ల లోపు దావా వేస్తేనే.

బాధ్యుడెవరన్నది మరో చిక్కు. 2020 ఆగస్టు 9న విజయవాడలో ఒక ఆస్పత్రి కొవిడ్ కేంద్రంగా మార్చుకున్న హోటల్‌లో మంటలు రేగి 10 మంది మరణించారు. అలాంటి చోట భవన యజమాని, నిర్వాహకులు, అనుమతులిచ్చిన అధికారులు పరస్పరం వేలెత్తి చూపుకోవడం ఏ ప్రమాదం తరువాతైనా కనిపించేదే. స్థలంపై అదుపు ఎవరిదో, ఎంతవరకో వారిదే బాధ్యత అని చట్టం ముందే తేల్చి చెబితే, ఆ వాదులాట ముగిసేదాకా బాధితులు ఎదురుచూడాల్సిన అగత్యం ఉండదు.

అపకృత్యాలకు, అంటే ఒకరి తప్పు వల్ల నష్టపోయినవారు పరిహారం కోరదగిన వ్యవహారాలకు సంబంధించిన శాసనాధికారం, కేంద్రమూ రాష్ట్రాలూ రెండూ చట్టాలు చేయగల రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఎనిమిదో అంశంగా ఉంది. కాబట్టి పార్లమెంటు కోసం వేచి చూడకుండా రాష్ట్ర శాసనసభే చొరవ తీసుకోవచ్చు. చిన్న చట్టమైనా చాలు. దుకాణం స్థాయిని బట్టి జాగ్రత్త స్థాయి మారవచ్చు. కిళ్లీకొట్టు నుంచి, ఆరంతస్తుల వస్త్రాలయం నుంచి ఒకే రకమైన ఏర్పాట్లు కోరడం అన్యాయం. కానీ ‘యాజమాన్యానికి బాధ్యత లేదు’ అని గోడ మీద రాసుకుని ప్రాణనష్టానికి జవాబుదారీ నుంచి తప్పించుకునే వీలు ఎవరికీ ఉండకూడదు. పార్కింగు చీటీపై అలాంటి మాట అచ్చువేసుకున్నంత మాత్రాన సిబ్బందికి అప్పగించిన కారు పోతే హోటల్ బాధ్యత మాసిపోదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కారుకు దక్కిన రక్షణ కాలికి, నడుముకు దక్కవద్దా?

పెద్ద వ్యాపార భవనాలకు, ఆస్పత్రులకు, కల్యాణ మండపాలకు సందర్శకుల బీమాను తప్పనిసరి చేసి, నగరపాలక సంస్థలు ట్రేడ్ లైసెన్సు పునరుద్ధరించేటప్పుడు ఆ పత్రాన్ని అడగాలి. ప్రమాదకర పదార్థాలతో వ్యవహరించే సంస్థలకు 1991 నుంచే ఇలాంటి బీమా నిబంధన ఉంది. దాన్ని జనం రోజూ ఎక్కిదిగే మెట్ల వరకు విస్తరించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.