చరిత్రలో మనవాళ్ల పేర్లు తీసేయండి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు క్రైస్తవ సంఘాల్లో గర్భస్రావానికి వ్యతిరేకంగా ప్రసంగాలు జోరుగా సాగుతున్నాయి. సంతోషం. ఈ ప్రసంగానికి ఒక ఖాయమైన దారి ఉంది. 139వ కీర్తనతో బయల్దేరి, మంచి వంశాల్నే పెంచాలనే సిద్ధాంతానికి ఇంగ్లీషు శాస్త్రవేత్త గాల్టన్ 1883లో 'యూజెనిక్స్' అని పేరు పెట్టిన దగ్గర కాసేపు ఆగి, అమెరికాలో గర్భనిరోధం కోసం ఉద్యమించిన మార్గరెట్ శాంగర్‌ని నాలుగు మాటలని, హిట్లర్ దగ్గర గొంతు పెంచి, కానుకల పాటకి చేరుతుంది. మంచి వంశాలు పెరగాలి, పనికిరానివి ఆగిపోవాలి అన్నవాళ్లంతా దేవుడు లేనివాళ్లు. అడ్డుపడ్డవాళ్లంతా మనవాళ్లు. వినడానికి ఎంత హాయి!

ఈ హాయికి భంగం కలిగించే సంగతులు కొన్ని బయట తిరుగుతున్నాయని సంఘ పెద్దలకు తెలియజేయడం నా విధి. ఎలా దాచాలో వారే చూసుకుంటారు.

దాచనక్కర్లేనివి ముందు చెప్పేస్తాను. అక్కర్లేని పసికందుల్ని రోమన్లు బయట పారేసే రోజుల్లోనే, గర్భంలో బిడ్డను చంపకూడదని తొలినాటి విశ్వాసులు 'దిదాఖే' అనే బోధల పుస్తకంలో రాసుకున్నారు. 1930 డిసెంబరు 31న పోపు పదకొండో పయస్ గర్భస్రావాన్నీ, ప్రభుత్వాలు చేయించే బలవంతపు ఆపరేషన్లనీ ఒకే లేఖలో ఖండించాడు. 1941 ఆగస్టులో బిషప్ ఫాన్ గాలెన్, మానసిక రోగుల్ని చంపేస్తున్నారని జర్మనీలోనే, హిట్లర్ ఏలుతుండగానే, వేదిక ఎక్కి చెప్పాడు. ఇవి గొంతెత్తి చెప్పుకోవచ్చు. వాళ్లిద్దరూ కాథలిక్కులు కదా అని మన బాప్తిస్టు అయ్యగార్లు గొణగొద్దు. ఇలాంటి విషయాల్లో అందరం ఒకే శరీరం. సమాధుల స్థలం దగ్గర గొడవ వేరు.

ఇక చిక్కులు. 1912లో షికాగో ఎపిస్కోపల్ కథీడ్రల్ డీన్, అంటే ఆ పెద్ద చర్చి గురువు, సమ్నర్, ఒంట్లో మనసులో లోపం లేదని డాక్టరు సర్టిఫికెట్ తేనిదే పెళ్లి చేయనని ప్రకటించాడు. లండన్ సెయింట్ పాల్స్ డీన్ ఇంగె యూజెనిక్స్‌ని బాహాటంగా సమర్థించాడు. 1926లో అమెరికన్ యూజెనిక్స్ సొసైటీ ప్రసంగాల పోటీ పెడితే, మొదటి బహుమతి 500 డాలర్ల కోసం దైవజనులు కలాలు పట్టారు. నాస్తికులే కదా ఇదంతా చేసింది! మరి ఆ 500 డాలర్ల కోసం వాక్యం వెతికిందెవరు?

కాన్సాస్ సంగతి మరీ ఇబ్బందికరం. 1920లో టొపీకా సంతలో, పశువుల పోటీలు జరిగే చోటే, మనుషుల కుటుంబాలకి కూడా పోటీ పెట్టారు. వంశం చూస్తారు, ఒళ్లు చూస్తారు, మార్కులేస్తారు. అలాంటి పోటీల్లో నెగ్గినవాళ్లకిచ్చిన పతకం మీద చెక్కింది గాల్టన్ మాట కాదు, 16వ కీర్తన: శ్రేష్ఠమైన స్వాస్థ్యము నాకు కలిగెను. దావీదుకి ఈ సంగతి తెలియకపోవడమే మేలు.

1927లో కారీ బక్ కేసు. పెంపుడింటివాళ్ల బంధువు చెరిస్తే కడుపొచ్చిన పేదపిల్ల. మందబుద్ధి అని ముద్రవేసి, ఆమెకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయొచ్చని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఎనిమిది మంది సరేనన్నారు. కాదన్న ఒకే ఒక్కడు కాథలిక్ న్యాయమూర్తి బట్లర్, ఆయనా కారణం రాయలేదు. మందబుద్ధి వంశమని కోర్టు తేల్చిన కారీ పసిబిడ్డ తర్వాత బడిలో బాగా చదివేవాళ్ల జాబితాకెక్కింది.

మన మిషను బాప్తిస్టు మిషను కాబట్టి ఇంకొకటి మరింత భద్రంగా దాచాలి. 1971లో అమెరికా దక్షిణ బాప్తిస్టుల మహాసభ, మానభంగం జరిగినా, బిడ్డకి తీవ్రమైన వైకల్యం ఉన్నా, తల్లి ఒంటికో మనసుకో హాని ఉన్నా గర్భస్రావానికి చట్టం వీలివ్వాలని తీర్మానించింది. మన పార్లమెంటు గర్భస్రావానికి వీలిచ్చే చట్టం చేసిందీ ఆ ఏడే. 2003లో ఆ మహాసభే పాత తీర్మానాలకి విచారం తెలిపింది. ఎంత తెలివితక్కువ పని! విచారం తెలిపితే తప్పు జరిగినట్టు జనానికి తెలిసిపోదూ? మన పెద్దలు ఇలాంటి పొరపాటు ఎన్నడూ చేయలేదు, చేయరు.

అయినా అమెరికా సంగతి మనకెందుకు? మన దగ్గర యూజెనిక్స్ లేనే లేదు. ఉన్నది పెళ్లి బయోడేటా. మొన్న ఒకటి నా చేతికొచ్చింది. పైన సిలువ బొమ్మ, దాని కింద 'యెహోవా యీరే'. అబ్బాయికి రైల్వేలో ఉద్యోగం. కావలసినది: 'తెల్లగా, పొడుగ్గా, మారుమనస్సు పొందిన అమ్మాయి. కులం పట్టింపు లేదు, మావాళ్లయితే మంచిది. వంశంలో ఫిట్సు, బొల్లి, మతి చెడినవారు ఉండరాదు.' గాల్టన్ చూస్తే ఒక్క కామా కూడా మార్చడు. మారుమనస్సు మూడో స్థానంలో ఉంది. ఉంది కదా, అదే చాలు.

ప్రభుత్వాల జోలికి నేను పోను. మహేంద్రతనయ నదికి ఈ ఒడ్డున, ఒడిశాలో, ముగ్గురు పిల్లలుంటే పంచాయతీకి నిలబడే అర్హత పోతుంది. ఆ ఒడ్డున, ఆంధ్రలోని పాతపట్నంలో, ఆ నిబంధన 2024లో ఎత్తేశారు. పైగా ఇంకా కనమని ముఖ్యమంత్రిగారే అంటున్నారు. పిల్లల లెక్క కైసరుది, కైసరుకే వదిలేశాం.

మన చేతిలో ఉన్నది సంఘ క్రమశిక్షణ. పెళ్లికాకుండా కడుపొచ్చిన అమ్మాయిని ప్రభు రాత్రి భోజనపు బల్ల నుంచి ఆపుతాం, ఆరాధన అయ్యాక పేరు చదువుతాం. అందుకే తెలివైన తల్లులు పేరు చదివేదాకా రానివ్వరు. అమ్మాయి వైజాగ్‌లో పిన్నిగారింటికి వెళ్తుంది. వారం తిరిగేసరికి పాలిపోయిన మొహంతో వస్తుంది. టైఫాయిడ్ అంటారు. మనం కూడా టైఫాయిడ్ కోసమే ప్రార్థన చేస్తాం. ఈ రకం టైఫాయిడ్ మగపిల్లల్ని ఎందుకు ముట్టుకోదో ఆరోగ్యశాఖ తేల్చాలి.

స్త్రీల కూటంలో ఒక మామ్మ లేచి అడిగింది: "ఏటి బాబూ, కడుపులో గుంటని కాపాడాలంటారు, ఆ కడుపున్న పిల్లని గెంటేస్తారు. మరది ఎక్కడికెల్తాది?"

"మామ్మా, అది వేరే కమిటీ," అన్నాను.

ఆ వేరే కమిటీ వచ్చే ఆదివారం కూర్చుంటోంది. అజెండాలో అమ్మాయి పేరు ఒక్కటే ఉంది. అబ్బాయిని పిలవడం కుదరలేదు, క్రిస్మస్ పాటలకి గిటార్ వాయించేది అతనే, ప్రాక్టీసు పాడవుతుంది.